గంపల కింద పంక్తి భోజనం

ఆనపకాయ పులుసు రోజు

ఈ పుస్తకంలో తేదీలు ఉండవు. అసలు అంకెలే ఉండవు. మా 'కుదురు' ఆసుపత్రిలో అంకెలు నిషేధం. గడియారాలకి గుడ్డలు కట్టేశారు. డబ్బాల మీద బరువు రాసి ఉంటే గీకేశారు. కొంచెం, బోలెడు, చాలామంది, ఇదీ మా గణితం. మేమంతా తిండితో గొడవపడి ఇక్కడికి వచ్చినవాళ్లం. మా చేతికి ఒక్క అంకె దొరికితే చాలు, రోజంతా దాన్ని పట్టుకుని వేలాడతాం. అందుకే రోజూ రాయమన్నప్పుడు డాక్టర్ మందాకినిగారు, "ఆ పూట ఏం వండారో అదే తేదీ అనుకో" అన్నారు. నాకు తెగ నచ్చింది.

నా పేరు తవిటమ్మ. నాకు ముందు పుట్టినవాళ్లు దక్కలేదని మా అమ్మ నన్ను పొరుగింటావిడకి ఇచ్చేసి, గుప్పెడు తవుడికి మళ్లీ కొనుక్కుంది. భూమ్మీద ఈ ఆచారం ఇంకా ఉందో పోయిందో నాకు తెలియదు. చంద్రుడి మీద మాత్రం ఉంది. ఇక్కడ సొరంగాలు తవ్వడానికి మొదట వచ్చినవాళ్లంతా శ్రీకాకుళం మనుషులు కాబట్టి, వాళ్ల భాష, ఆచారాలు, ఉలవచారు అన్నీ వాళ్లతోపాటే రాకెట్టెక్కి వచ్చేశాయి. ఇక్కడ తవుడు దొరకదు. తవుడు పేరు చెప్పి నాచుపొడి ఇచ్చి కొన్నారట. అయినా నేను తవిటమ్మనే.

ఇక్కడ మాకు అసలైన మందు పంక్తి. అందరం హాల్లో ఒకే వరసలో బాసింపట్టు వేసుకుని కూర్చుంటాం. ముందు ఆకు ఉంటుంది. ఆకంటే నాచును అదిమి చేసిన పళ్లెమే, కానీ పళ్లెం అంటే సన్యాసమ్మత్తకి కోపం. వంటా వడ్డనా ఆవిడవే. పేరుకి తగ్గ లక్షణం ఒక్కటీ లేదు. ఎవరి ఆకైనా బోసిగా కనిపిస్తే ఆవిడ చెయ్యి ఊరుకోదు. పంక్తిలో చివరి మనిషి తినడం అయ్యేదాకా ఎవరూ లేవకూడదన్నది ఆవిడ పట్టు, డాక్టరుగారి వైద్యం కూడా.

ఆ చివరి మనిషిని నేనే. ఎప్పుడూ నేనే. నేను ఒక ముద్ద కలిపి దానితో రాజీకి వచ్చేలోపు మిగతావాళ్లు ఊళ్లో కబుర్లన్నీ చెప్పేసుకుంటారు. మొదట్లో సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఇప్పుడు ఆ కబుర్ల కోసమే కూర్చుంటున్నాను. కబుర్ల మధ్యలో ముద్ద ఎలాగో లోపలికి వెళ్లిపోతోంది.

ఇవాళ పులుసులో పోపు వేస్తుండగా రేడియో మోగింది. ఇక్కడ బరువు తక్కువ కదా, ఆవాలు చిటపటమంటే కప్పు దాకా ఎగురుతాయి. వాటిని పట్టడానికి పొయ్యి మీద దోమతెర కట్టారు. మేము తెరలో ఆవాలు ఏరుతూ ఉంటే రేడియో చెప్పింది, కొత్త టెక్కలి సొరంగాల్లో దుమ్ముజ్వరం వచ్చిందట. ఊపిరితో అంటుకుంటుందట. "మనకేటి బయ్యం, మనం ఊరికి దూరం కదేటి" అంది సన్యాసమ్మత్త. ఊరికి దూరమే. గాలి గొట్టాలు మాత్రం అందరికీ ఒకటే.

చోడి అంబలి రోజు

గాలి శాఖ వాళ్లు పెట్టెలు పెట్టెలుగా జాగ్రత్తలు పంపించారు.

మొదటిది మూతికి కట్టుకునే జల్లెడ. దానికేదో పెద్ద పేరుంది. నా పక్కన కూర్చునే దాలినాయుడు మావ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఓలమ్మా, ఇది ఎద్దుకి కట్టే చిక్కం కదేటి! నూర్పుల కాడ గింజలు తినీకుండా కడతారు" అన్నాడు. ఆయన ఎద్దును చూడలేదు. వాళ్ల తాత చెప్పాడట. తినడం నేర్పే ఆసుపత్రిలో మూతికి చిక్కం! డాక్టరుగారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు.

భోజనానికి చిక్కం విప్పాలి. విప్పితే అందరి ఊపిరీ కలిసిపోతుంది. అందుకని భోజనం వేళ ఒక్కొక్కరి మీదా కప్పు నుంచి ఒక గాజులాంటి గంప దిగుతుంది. అది లోపలి గాలిని పైకి లాగేస్తుంది. అచ్చం కోళ్లని మూసిపెట్టినట్టే. సన్యాసమ్మత్త మావ గంప మీద గరిటెతో దరువేస్తే, మావ లోపల మోచేతులు ఆడించి కూత కూశాడు. పంక్తి పంక్తంతా గంపల కింద కూతలే. నేనూ కూశాను.

చిక్కొచ్చింది గుమ్మం దగ్గర. అక్కడ పెట్టిన యంత్రం నా నుదుటి వేడి చూసి గోడ మీద ఒక అంకె వెలిగించింది. నా ఒళ్లు జిల్లుమంది. అది జ్వరం లెక్క అని తెలుసు, అయినా నా బుర్ర దాన్ని చటుక్కున దాచేసుకుంది, రేపటి దానితో పోల్చి చూడటానికి. డాక్టరుగారు నా మొహం చూశారు. సాయంత్రానికల్లా అంకె పోయి కూరగాయలు వచ్చాయి. జ్వరం లేకపోతే బీరకాయ, ఉంటే ఎర్ర మిరపకాయ. మనిషికీ మనిషికీ ఎంత దూరం ఉండాలో రాసిన బోర్డు కూడా తీయించి, కొత్తది రాయించారు: 'పక్కవాళ్ల ఆకులోంచి అప్పడం దొంగిలించలేనంత దూరం.'

వంకాయ పచ్చికారం రోజు

డాక్టరుగారూ, మీరు చదువుతారని తెలిసే ఇది రాస్తున్నాను. గంప నాకు నచ్చింది. విపరీతంగా నచ్చింది. అదే గొడవ.

గంప లోపల ఫ్యాను హోరు. పక్కవాళ్ల మాట వినిపించదు. అన్నం ఆవిరికి గంప మసకబారిపోతుంది, నేను ఎవరికీ కనిపించను. భోజనం అయ్యాక ఆకును యంత్రం లాక్కుపోతుంది. అందులో ఏం మిగిలిందో ఎవరూ చూడరు, ఎంగిలి ఆకు ముట్టుకోకూడదన్నది ఇంకో జాగ్రత్త కాబట్టి. బయటికి రాగానే మూతికి చిక్కం. నా జబ్బు తీరిగ్గా కూర్చుని తనకో ఇల్లు కట్టుకోవాలనుకుంటే సరిగ్గా ఇలాగే కట్టుకుంటుంది.

ఏం చేస్తున్నానో వివరంగా రాయను. ఈ పుస్తకం ఇంకెవరి చేతికైనా వెళ్తే వాళ్లకి దారి చూపించడం నాకిష్టం లేదు. గాల్లో తేలిపోతున్నట్టుంది, అంతే. చంద్రుడి మీద అందరూ కాస్త తేలుతూనే ఉంటారనుకోండి. కాకపోతే నేను నవ్వుతున్నానే గానీ, లోపల ఎవరో తలుపు గడియ వేసుకుంటున్నట్టుంది.

పెసర గుగ్గిళ్ల రోజు

ఇవాళ కళ్లు తిరిగి పడిపోయాను.

చంద్రుడి మీద పడిపోవడం చాలా నిదానమైన వ్యవహారం. చూసేవాళ్లకి మాట్లాడుకునేంత తీరిక ఉంటుంది.

"ఓలమ్మో, గుంట పడిపోతంది!" అని సన్యాసమ్మత్త అరిచింది.

"ఎటేపు?" అన్నాడు దాలినాయుడు మావ.

"గోడేపు!"

మావ చిక్కం సవరించుకుని, చేతులకి తొడుగులు తొడుక్కుని, వచ్చి నన్ను పట్టుకున్నాడు. అప్పటికీ నా తల నేలకి తగల్లేదు. ఇదంతా నాకు తర్వాత చెప్పారు. చెబుతూ నవ్వారు, నేనూ నవ్వాను, ఉన్నట్టుండి సన్యాసమ్మత్త ఏడ్చేసింది. "నీ ఆకు సూడనీకుండా సేసీసినారు గదే తల్లీ" అంది. అప్పుడు అందరం ఏడ్చాం.

దాలినాయుడు మావ తొడుగులు విప్పి నా మంచం కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఆయన జబ్బు నా జబ్బుకి తిరగేసిన రకం. అందరిలో అన్నం పిట్టలా కెలుకుతాడు. మారు వడ్డించమని నోరు తెరిచి అడగలేడు, ఎవరేమనుకుంటారోనని. ఒంటరిగా ఉన్నప్పుడు మాత్రం ఆపుకోలేడు.

"నువ్వొక్కదానివే కాదే గుంటా" అన్నాడు. "ఆ గంపలోకి ఎల్తే నానూ ఒంటరోడినే అయిపోతన్నాను."

డాక్టరుగారు మంచం పక్కన కూర్చుని ఒకటే మాట అన్నారు. "తప్పు మీది కాదు. జ్వరం రాకూడదని మిమ్మల్ని మీ జబ్బులతో కలిపి గంపల్లో పెట్టాం."

ఆ తర్వాత అసలు సంగతి చెప్పారు. గంపలు కుదరవని ఆవిడ గాలి శాఖకి చెప్పారట. కుదరకపోతే హాలు మూసేసి అందరినీ ఇళ్లకి పంపండి, తెర మీద వైద్యం చేయండి అన్నారట వాళ్లు. పోయినసారి నాకు తెర మీదే వైద్యం చేశారు. అమ్మానాన్న మంచుగనిలో పనికి పోతే ఇంట్లో నేనూ, తెరా. తెర చూస్తుందే గానీ పక్కన కూర్చోదు. చివరికి నేను స్ట్రెచర్ మీద ఇక్కడికి వచ్చాను. ఈసారి ఇంటికి పంపితే స్ట్రెచర్ దాకా కూడా రానేమో. పంక్తి లేకపోతే నేను బతకను. రక్తి కట్టించడానికి రాస్తున్న మాట కాదిది.

ఉలవచారు రోజు

మా డాక్టరుగారికి పిచ్చి పట్టిందనుకున్నాం. పొద్దున్నే వేడి వేడి ఉలవచారు గ్లాసుల్లో పోయించి, హాల్లో మేము కూర్చునే చోట్లన్నిటి ముందూ పెట్టించారు. మమ్మల్ని గుమ్మం బయట నిలబెట్టి, ముందు గోడలోంచి మంచి గాలి వదిలి, వెనక గోడలోంచి లాగించారు. గ్లాసుల్లోంచి లేచిన ఆవిరి పక్కకి పోలేదు. ఏ గ్లాసు ఆవిరి ఆ గ్లాసు వెనక్కే, బారులు తీరి పోయింది.

"చూశారా?" అన్నారావిడ, చిన్నపిల్లలా గెంతుతూ. "బల్లల చుట్టూ కూర్చుంటే ఒకరి ఊపిరి ఇంకొకరి మొహం మీదికి వస్తుంది. పంక్తిలో ఎవరికీ ఎవరూ ఎదురుండరు. దూరం పాటిస్తే ఎవరి ఊపిరి వాళ్ల వీపు వెనక్కే పోతుంది. గంపలెందుకు మనకి?"

మేము వెర్రికేకలు వేశాం. సన్యాసమ్మత్త ఆ ఉలవచారంతా గంపల కింద మా చేత తాగించింది, పారబొయ్యడానికి ఆవిడకి చేతులు రావు.

కానీ ఆ మంచి గాలి ట్యాంకులో వస్తుంది. ట్యాంకు అయిపోగానే గంట మోగుతుంది. గాలి శాఖ ఆఫీసరు మణిమాలగారు తెర మీదికి వచ్చి షరతు చెప్పారు. చంద్రుడి అవతలి ముఖం నుంచి వచ్చినావిడ, మాట ఇస్త్రీ చేసినట్టుంటుంది.

"రేపు నేనే వచ్చి ఒక పూట చూస్తాను. గంట మోగేసరికి అన్ని ఆకులూ ఖాళీ అవ్వాలి, అందరి మూతికీ జల్లెడ ఉండాలి. ఒక్క ఆకులో మెతుకు మిగిలినా హాలుకి సీలు వేస్తాను. అందరినీ ఇళ్లకి పంపడానికి బండి వస్తుంది."

పంక్తి మొత్తం నా వైపు తిరిగింది. వెంటనే, తిరగలేదన్నట్టు అందరూ వేరే పనుల్లో పడిపోయారు. ఒకాయన గోడకి ఉన్న మేకు పరిశీలించాడు. ఒకావిడ శుభ్రంగా ఉన్న గోళ్లని మళ్లీ శుభ్రం చేసుకుంది. తవిటమ్మని తొందరపెట్టకూడదని డాక్టరుగారు అందరికీ విడివిడిగా చెప్పారని నాకు తెలుసు, ఎందుకంటే అందరూ విడివిడిగా వచ్చి నాకు చెప్పారు.

"నీకు తొందరేటి లేదమ్మా, నీ ఇట్టం" అన్నాడు దాలినాయుడు మావ, చెమటలు కక్కుతూ.

గుమ్మడికాయ దప్పళం రోజు

మణిమాలగారు తెల్లటి సూటులో, తలనుంచి కాళ్లదాకా మూటకట్టిన బెల్లం దిమ్మలా వచ్చారు. గుమ్మంలో యంత్రం గోడ మీద బీరకాయ వెలిగించింది.

"ఇదేమిటి?"

"జ్వరం లేదని" అన్నారు డాక్టరుగారు.

"ఎంతుంది?"

"బీరకాయంత."

ఆవిడ పలక తీసి ఏదో టిక్కు పెట్టుకున్నారు. గోడకి ఆనుకుని నిలబడ్డారు. మేము వరసలో కూర్చున్నాం, చిక్కాలు విప్పాం. ఎన్నాళ్లకో ఒకరి మూతులు ఒకరం చూసుకుంటే సంబరంగా, కాస్త సిగ్గుగా కూడా ఉంది. మావ మీసం పెంచాడు! ఎవరికీ తెలియదు!

సన్యాసమ్మత్త గరిటె పట్టుకుని నిలబడిపోయింది. వడ్డించడం లేదు.

"కూకోండమ్మా" అంది ఆఫీసరుతో.

"నేను తనిఖీకి వచ్చానండీ."

"అదే, కూకుని సెయ్యండి. మడిసి నిలబడి సూస్తంటే ఆకులో అన్నం ఎలగ ఎయ్యమంటారు?"

"నేను తినేసే వచ్చాను."

"ఏటి తిన్నారు?"

ఆవిడ తటపటాయించారు. "సూటు గొట్టంలో జావ ఉంటుంది."

సన్యాసమ్మత్త మొహంలో కనిపించిన జాలికి ఏ ఆఫీసరూ తట్టుకోలేడు. మణిమాలగారు నా పక్కన, అప్పడం దొంగిలించలేనంత దూరంలో కూర్చున్నారు. తలమీది మూట విప్పితే లోపల చిన్న మొహం, అలసిపోయిన కళ్లు. డాక్టరుగారు ట్యాంకు మర తిప్పారు. గాలి మా మొహాల మీదుగా వెనక్కి వీచింది. ఆవిడ దప్పళం కలిపిన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు.

"జ్వరం మొదలైనప్పటి నుంచీ మనుషుల మధ్య తినలేదు" అన్నారు మెల్లగా, ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు.

నేను బాగానే మొదలుపెట్టాను. కొంత దూరం పోయాక ఆగిపోయాను. ముద్ద చేతిలో ఉంది, చెయ్యి లేవడం లేదు. బండి వస్తుంది, అందరినీ తీసుకుపోతుంది, నావల్లే. ఆ ఆలోచన వచ్చాక ముద్దని మళ్లీ ఆకులో పెట్టేశాను. పంక్తిలో కబుర్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

అప్పుడు నా పక్కనుంచి ఒక గొంతు బొంగురుగా వచ్చింది.

"సన్యాసమ్మా! నాకు మారు అన్నం ఎయ్యి."

దాలినాయుడు మావ! అందరిలో, గట్టిగా, నోరు తెరిచి! చెవులు ఎర్రగా అయిపోయాయి, కానీ తల దించలేదు. సన్యాసమ్మత్త ఉబ్బితబ్బిబ్బై గరిటె జారవిడిచింది, అది కింద పడేలోపే మళ్లీ పట్టుకుంది. పంక్తి చివర ఒకావిడ, "నాకూ పులుసు" అంది. ఇంకొకరు అప్పడం అడిగారు. ఒక్కసారిగా హాలంతా గోల. దప్పళంలో గుమ్మడికాయ ఎక్కువైందా, బెల్లం ఎక్కువైందా అని పెద్ద తగువు లేచింది. బెల్లమే ఎక్కువైందని నేను తగువులో దిగాను, నిరూపించడానికి ఇంకో ముద్ద తిన్నాను, ఇంకొకటి తిన్నాను. చూసుకుంటే ఆకు ఖాళీ. గంట ఇంకా మోగలేదు!

అందరి ఆకులూ ఖాళీ. అందరూ చిక్కాలు చేతిలోకి తీసుకుంటున్నారు. అప్పుడు చూశాను మణిమాలగారి ఆకు.

అతిథి ఆకు బోసిగా ఉండకూడదు కదా. ఆవిడ పలక వైపు తల తిప్పినప్పుడల్లా సన్యాసమ్మత్త చడీచప్పుడు లేకుండా ఒక గరిటె వేస్తూ వచ్చింది. చివర్లో పెరుగన్నం గుట్టగా పోసి పక్కన ఆవకాయ కూడా పెట్టింది. ఆవిడ గబగబా మింగుతున్నారు. మొహం కందిపోయింది. పంక్తి పంక్తంతా తినడం ముగించి ఆవిడ నోటి వైపే చూస్తోంది. ఆ మొహం నాకు తెలుసు. లోపలినుంచి తెలుసు. అందరూ లేవడానికి సిద్ధంగా ఉండి, మనకోసం ఆగితే, అన్నం ఇసకలా అయిపోతుంది.

తినే మనిషిని పంక్తిలో ఒంటరిగా వదిలేస్తామా? నా నోరు నన్నడక్కుండానే తెరుచుకుంది.

"సన్యాసమ్మత్తా, నాకు కాస్త పెరుగన్నం వెయ్యి."

ఆవిడ చెయ్యి ఆవిడ బుర్రకంటే ముందుంటుంది. నా ఆకులో పెరుగన్నం పడింది.

గంట మోగింది.

హాలంతా రాయిలా అయిపోయింది. మిగతావాళ్లు అప్పటికే చిక్కాలు కట్టేసుకున్నారు, మావ దాని పైనుంచి కళ్లప్పగించి నన్ను చూస్తున్నాడు. డాక్టరుగారు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నారు. (అంకె వచ్చేసింది, క్షమించండి.) గంట మోగితే చిక్కం లేనివాళ్ల మీద గంపలు వాటంతటవే దిగుతాయి. నా మీద ఒకటి దిగింది. గాలి శాఖ ఆఫీసరు మీద ఇంకొకటి దిగింది.

"ఎవులూ లెగకండి!" అంది సన్యాసమ్మత్త చిక్కం వెనకనుంచి. "ఇంకా తింటన్నారు."

ఎవరూ లేవలేదు.

మణిమాలగారు గంపలోంచి పలకని చూశారు. తన ఆకు చూశారు. నా ఆకు చూశారు. ఫ్యాను హోరులో గట్టిగా అరిచారు. "మీది ఖాళీ అయిపోయింది కదా! మళ్లీ ఎందుకు వేయించుకున్నారు?"

"మీరొక్కరే తింటున్నారని!" అని నేనూ అరిచాను.

ఆవిడ పలక పక్కన పెట్టి, ఆవకాయ కలుపుకుని, ఈసారి నిదానంగా తినడం మొదలుపెట్టారు. నేనూ తిన్నాను. గంప మసకబారితే ఆవిడ లోపలినుంచి అరచేత్తో తుడిచి నన్ను చూశారు, నేను నా గంప తుడిచి ఆవిడని చూశాను. ఆకులు ఖాళీ అయ్యాయి. గంపలు లేచాయి. ఆవిడ చిక్కం కట్టుకుని, లేవబోయి, సన్యాసమ్మత్త తల ఊపేదాకా మళ్లీ కూర్చుండిపోయారు.

"సీలు వెయ్యాలంటే ముందు నా ఆకుకి వెయ్యాలి" అన్నారు డాక్టరుగారితో. "మనుషులు సరిగ్గానే తిన్నారు. ట్యాంకే చిన్నది. పెద్దది పంపిస్తాను. గంట తీసేసి, పంక్తి లేచేదాకా గాలి వచ్చేలా బిగించమంటాను."

మేము గెంతాం. చంద్రుడి మీద సంతోషంతో గెంతకూడదు, కానీ గెంతాం. దాలినాయుడు మావ పొయ్యి మీది దోమతెరలో చిక్కుకున్నాడు. ఆయన్ని కిందికి దించేసరికి చిక్కం నిండా ఆవాలే.

అందరూ పడుకోవడానికి వెళ్లేముందు డాక్టరుగారు నా దగ్గరికి వచ్చి కూర్చున్నారు.

"పెరుగన్నం ఆవిడ కోసమే అడిగావా?"

"మర్యాదకి అడిగానండీ."

"మర్యాదకైతే ఆకులో ఉంటే చాలు. నువ్వు మొత్తం తిన్నావు."

నేను చిక్కం తాడు సవరించుకున్నాను. జవాబు తెలియక కాదు. ఆ మాట నా నోటితో అని ఎన్నేళ్లయిందో, అది నాకు ఏదో పరాయి భాషలా ఉంది.

"ఆకలేసింది డాక్టరుగారూ."

అన్నాక నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆవిడ మొహంలో చిక్కం పైన కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పాను.